ఒకే పోరాటం, మూడు పుస్తకాలు

గత నెల మన పుస్తక గోష్ఠికి వచ్చిన సభ్యులకు ఆనాటి సంగతి జ్ఞాపకం వుండే వుంటుంది. తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటం మీద మాట్లాడుకుందామని మూడు పుస్తకాలు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాము. గంట గడిచేసరికి పుస్తకాలు ఎక్కడివక్కడే వున్నాయి, గొంతులు మాత్రం వీధిలోకి వినిపించాయి. నల్లగొండ వైపు పెద్దాయన ఒకరు "యూనియన్ సైన్యం వచ్చిన నాడే ఆపెయ్యవలసింది" అన్నారు. కృష్ణాజిల్లా మిత్రుడు "ఆపితే పంచిన భూమిని ఎవరు కాపాడేవారండీ?" అన్నారు. వరంగల్లులో చదువుకున్న మరొకరు "1951లో ఆపడమే అసలు ద్రోహం" అని తేల్చేశారు. ముగ్గురూ ఎర్రజెండా అంటే గౌరవం వున్నవారే. ముగ్గురూ ఆ సాయంకాలం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా వెళ్ళిపోయారు.

అయితే ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ తగాదా కాదు. అద్దె కుర్చీలు తిరిగి తీసుకువెళ్ళడానికి వ్యాను వేసుకుని వచ్చిన మనిషి గుమ్మం దగ్గర నిలబడి చివరి పావుగంటా విన్నాడు. సూర్యాపేట అవతల పల్లె అతనిది. ఇక్కడికి వచ్చి పదకొండేళ్ళయింది. కుర్చీలు మడుస్తూ మమ్మల్ని అడిగాడు: "మా తాతకు సంఘపోళ్ళు మూడెకరాలు ఇచ్చిన్రట సార్. మళ్ల పోయిందట. మీరు చెప్పే మూడిట్ల మా తాతది ఏ పార్టీ సార్?"

మాలో ఎవ్వరమూ జవాబు చెప్పలేకపోయాము. "చూసి చెబుతాము లే" అన్నాము. చూసి చెప్పే ప్రయత్నమే ఇది. మనం ఈ దేశంలో అతిథులం. ఇక్కడి రాజకీయాలు మన పని కాదు, ఏ పార్టీకీ చందాలు పోగు చేయడం మన సంఘం పని అంతకన్నా కాదు. మన భాషలో వచ్చిన మూడు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదవడం మాత్రం మన పనే.

పిల్లల కోసం ముందు కథ క్లుప్తంగా చెప్పుకుందాము. నిజాం రాజ్యంలో తెలంగాణా పల్లెల్లో దొరలు, దేశ్‌ముఖులు వేలాది ఎకరాల మీద పెత్తనం చేసేవారు. కులవృత్తుల వారందరూ దొరకు వెట్టి చేయవలసిందే. ఆంధ్రమహాసభ 1944లో భువనగిరి సభ తరువాత కమ్యూనిస్టుల నాయకత్వంలోకి వచ్చింది. పల్లె ప్రజలకు అది "సంఘం". 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయాడు. వెట్టి మీద తిరుగుబాటు భూమి మీదికి వెళ్ళింది, కర్రలు పట్టిన చేతులు తరువాత తుపాకులు పట్టాయి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాష్ట్రంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. పోరాటం మాత్రం ఆగలేదు. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ దానిని విరమించింది. సుందరయ్యగారి లెక్క ప్రకారం ఉద్యమం దాదాపు మూడు వేల గ్రామాలలో నడిచింది, పది లక్షల ఎకరాలు పంపకమయ్యాయి, నాలుగు వేల మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇంతవరకు మూడు పుస్తకాలకూ పేచీ లేదు. పేచీ అంతా 1948 సెప్టెంబరు నుంచి 1951 అక్టోబరు దాకా నడిచిన మూడేళ్ళ మీద. ఆ మూడేళ్ళను ఎట్లా చదువుతారన్న దానిని బట్టి మన దేశంలో ఎర్రజెండా ఎన్ని చీలికలయిందో చెప్పవచ్చు.

చీలికల సంగతి తెలియకుండా ఈ పుస్తకాలు అర్థం కావు. పార్టీ పుట్టిన రోజు మీదనే ఏకాభిప్రాయం లేదంటే మన పిల్లలు నవ్వుతారు. భారత కమ్యూనిస్టు పార్టీ 1925 డిసెంబరులో కాన్పూరులో పుట్టిందని సి.పి.ఐ. అంటుంది. కాదు, 1920 అక్టోబరులో తాష్కెంటులో పుట్టిందని సి.పి.ఎం. అంటుంది. 1964లో పార్టీ చీలినప్పుడు ఆ సంవత్సరం జూలైలో వేరుపడిన వర్గం సమావేశమైనది మన తెనాలిలోనే. చీలిన తరువాత సి.పి.ఎం. ప్రధాన కార్యదర్శి నెల్లూరు జిల్లా అలగానిపాడు వాసి పుచ్చలపల్లి సుందరయ్య. సి.పి.ఐ. ప్రధాన కార్యదర్శి కృష్ణాజిల్లా మంగళాపురం వాసి చండ్ర రాజేశ్వరరావు. ఎదురెదురుగా నిలిచిన రెండు అఖిల భారత పార్టీలకు ఇద్దరు తెలుగువారు నాయకులయ్యారు. ఇద్దరూ తెలంగాణా పోరాటాన్ని నడిపినవారే. 1967లో నక్సల్బరీ తరువాత సి.పి.ఎం. నుంచి మరో పాయ విడిపోయింది. ఆంధ్రలో తరిమెల నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి, కొల్లా వెంకయ్య 1968లో బయటికి వచ్చారు. 1969 ఏప్రిల్ 22న సి.పి.ఐ. (ఎం.ఎల్.) ఏర్పడింది. నాగిరెడ్డి, దేవులపల్లి అందులో చేరలేదు. చారు మజుందార్ చెప్పిన వర్గశత్రు నిర్మూలన పంథాతో వారికి సరిపడలేదు.

ఈ పాయలకు తేడా ఏమిటని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క పారిభాషిక పదం మన చేతిలో పెడతారు. సి.పి.ఐ.ది జాతీయ ప్రజాతంత్ర విప్లవం. సి.పి.ఎం.ది జనతా ప్రజాతంత్ర విప్లవం. ఎం.ఎల్. వారిది నూతన ప్రజాస్వామిక విప్లవం. చూడబోతే మూడు విశేషణాలు, ఒకే విశేష్యం. విశేషణాల కోసం ఇంత రక్తమా అని విసుక్కున్న వారున్నారు. మేమూ ఒకప్పుడు విసుక్కున్నాము. కాని ఆ మాటల వెనక వున్న ప్రశ్న చిన్నది కాదు. 1947లో ఇంటి తాళంచెవి ఎవరి చేతికి వచ్చింది? అదీ ప్రశ్న.

తాళంచెవి స్వదేశీ పెట్టుబడిదారులకు వచ్చింది, వారిలో గుత్తాధిపతులు కానివారు సామ్రాజ్యవాదానికీ భూస్వాములకూ వ్యతిరేకంగా మనతో కలిసి రాగలరు, కనుక వారితో కలిసి నడవాలి, శాంతియుతంగా మార్పు సాధించే అవకాశం వుంది అన్నది సి.పి.ఐ. పంథా. తాళంచెవి బడా పెట్టుబడిదారుల చేతిలో వుంది, భూస్వాములు వారి భాగస్వాములు, ఆ పెట్టుబడిదారులు విదేశీ ద్రవ్య పెట్టుబడితో చేతులు కలుపుతున్నారు, కార్మికవర్గం నాయకత్వం లేకుండా ఏ కూటమీ నిలవదు, శాసనసభను వాడుకోవాలి గాని దానినే నమ్ముకోరాదు అన్నది సి.పి.ఎం. పంథా. అసలు తాళమే మారలేదు, బడా పెట్టుబడిదారులు విదేశీయుల దళారులు, దేశం అర్ధవలస, అర్ధభూస్వామ్య దేశం, కనుక పల్లె నుంచి భూమి కోసం మొదలయ్యే దీర్ఘకాల సాయుధ పోరాటమే దారి అన్నది ఎం.ఎల్. పంథా. యజమాని ఎవరని అనుకుంటామో దానిని బట్టి స్నేహితుడెవరో, శత్రువెవరో తేలుతుంది. అది తేలితేనే దారి తేలుతుంది. పోట్లాట విశేషణాల మీద కాదు, దారి మీద.

ఇహ పుస్తకాల దగ్గరికి వద్దాము.

మొదటిది రావి నారాయణరెడ్డిగారిది. 1973లో ఇంగ్లీషులో వచ్చింది, తెలుగులోనూ వుంది. ఆయన నల్లగొండ జిల్లా బొల్లేపల్లిలో భూస్వామి కుటుంబంలో పుట్టారు. ఆంధ్రమహాసభకు 1941లో చిలుకూరులో, 1944లో భువనగిరిలో అధ్యక్షత వహించారు. మూడు పుస్తకాలలో మనిషి గొంతు దగ్గరగా వినిపించేది ఇందులోనే. ఒక సంస్కరణ సంస్థ ఏ విధంగా ప్రజాసంస్థగా మారిందో ఆయన చెప్పినంత సహజంగా మిగతా ఇద్దరూ చెప్పలేదు. ఆయన వాదం సూటిగా వుంటుంది. ప్రజలు తుపాకీ పట్టింది నిజాం మీద, రజాకార్ల మీద. భారత సైన్యం వచ్చినప్పుడు జనం అది తమను విడిపించిందని ఊపిరి పీల్చుకున్నారు. ఆ జనాన్ని అదే సైన్యం మీదికి నడిపించబోవడం పొరపాటు. ఆ తరువాత జరిగింది ప్రజల పోరాటం కాదు, దళాల పోరాటం. ఈ మాటను ఆయన తీరుబడిగా కూర్చుని కనిపెట్టినది కాదు, పోరాటం నడుస్తున్నప్పుడే పార్టీలో ఎదురు చెప్పారు. 1952 ఎన్నికలలో ఆయన నల్లగొండ నుంచి నెహ్రూగారి కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. ఆ ఓట్లే తన వాదానికి సాక్ష్యమని పాఠకుడు అనుకునేటట్లు పుస్తకం నడుస్తుంది.

ఇక్కడే మాకు మొదటి అనుమానం. ఆ ఓట్లు ఎవరివి? పోరాటం ఆపమన్న నాయకుడి మాట నచ్చి వేసినవా, పోరాటంలో భూమి పొందిన వారు కృతజ్ఞతతో వేసినవా? 1948లోనే ఆపి వుంటే 1952లో అన్ని ఓట్లు పడేవా? ఈ ప్రశ్నను పుస్తకం వేసుకోదు. దొరలు సైన్యం వెనకాల పల్లెలకు తిరిగి వచ్చినప్పుడు ఆ పంచిన భూమి సంగతేమిటన్న చోట ఆయన వాక్యాలు చప్పగా వుంటాయి.

రెండవది సుందరయ్యగారి బృహద్గ్రంథం, 1972 నాటిది. పేరులోనే "గుణపాఠాలు" వున్నాయి. ఇది జ్ఞాపకాల పుస్తకం కాదు, దస్తావేజు. ఊరూరా జరిగిన ఘటనలు, చనిపోయిన వారి పేర్లు, పార్టీ తీర్మానాలు, చర్చలు అన్నీ పోగుచేసి పెట్టారు. తెలంగాణా గురించి ఎవరు ఏమి రాయాలన్నా ఈ గ్రంథం గడప తొక్కవలసిందే. భూగరిష్ఠ పరిమితి విషయమే చూడండి. మొదట 500 ఎకరాల మీద వున్నదే పంచాలన్నారు. తరువాత 200 అన్నారు. ఆ తరువాత మెట్ట 100, మాగాణి 10 ఎకరాలకు దించారు. ఈ అంకెలలో ఉద్యమం నడక మొత్తం కనిపిస్తుంది. పైనుంచి సిద్ధాంతం దిగి రాలేదు, కింద నుంచి కూలీలూ పేదరైతులూ తోస్తుంటే పరిమితి దిగివచ్చింది.

ఆయన వాదం నడిమి దారి. సైన్యం వచ్చిన తరువాత కూడా పోరాడడం న్యాయమే, ఎందుకంటే వచ్చిన సైన్యం దొరలను మళ్ళీ గద్దె మీద కూర్చోబెడుతున్నది, రైతు తన చేతికి వచ్చిన భూమిని వదులుకోడు. అయితే దానిని దేశమంతటా అధికారం కోసం సాగే విముక్తి యుద్ధమని అనుకోవడం తప్పు. అది పొందిన ఫలితాలను కాపాడుకునే పరిమిత పోరాటం. 1951లో విరమణ సరైనదే. ఈ నడిమి దారికి ఒక చరిత్ర వుంది. 1948 కలకత్తా మహాసభ తరువాత రణదివే నాయకత్వం నగరాలలో కార్మికుల తిరుగుబాటు మీద ఆశ పెట్టుకుంది. ఆంధ్ర కమిటీ మాత్రం చైనా వైపు చూసి, మావో రాతలను ఆధారం చేసుకుని, రైతుల దీర్ఘ పోరాటమే దారి అన్నది. 1950లో రాజేశ్వరరావుగారు ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1951 మొదట్లో అజయ్ ఘోష్, డాంగే, రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య రహస్యంగా మాస్కో వెళ్ళి స్టాలిన్‌ను కలిశారు. ఆ తరువాత రష్యా దారీ కాదు, చైనా దారీ కాదు, మన దారి మనదే అన్న ఎత్తుగడల పంథా తయారైంది. మన దారి మనదే అన్న మాట కోసం మాస్కో దాకా వెళ్ళవలసి రావడం చరిత్ర చేసిన పరిహాసం. ఆ పరిహాసాన్ని గుర్తించే తీరిక ఈ గ్రంథానికి లేదు.

సుందరయ్యగారి పుస్తకంలో లోటు ఎక్కడంటే, గుణపాఠం ముందే సిద్ధంగా వుంది. ఘటనలు వరుసగా వచ్చి ఆ పాఠం కింద సంతకం పెట్టి పోతాయి. పాఠానికి లొంగని ఘటన ఎదురైతే దానిని "పొరపాటు" అన్న పద్దు కింద వేసి ముందుకు సాగుతారు.

మూడవది దేవులపల్లి వెంకటేశ్వరరావుగారి "తెలంగాణా ప్రజల సాయుధ పోరాట చరిత్ర." డి.వి. అంటే నల్లగొండలో అందరికీ తెలుసు. 1957లో అదే నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచిన మనిషి తరువాత ఎన్నికల దారినే కాదన్నారు. 1984లో కన్నుమూశారు. ఈ పుస్తకంలో మిగతా రెండింటిలో లేనిది ఒకటి వుంది. పల్లె లోపలి వర్గాలను ఆయన విడమరిచి చూపిస్తారు. జాగీర్దారు ఎవరు, దేశ్‌ముఖు ఎవరు, ధనికరైతు ఎంతవరకు సంఘంతో నడిచాడు, ఎక్కడ ఆగాడు, ఎందుకు ఆగాడు. ఆయన దృష్టిలో ఈ పోరాటం భారత విప్లవానికి మొదటి అధ్యాయం. సైన్యం రావడం ఒక యజమాని పోయి మరొక యజమాని రావడమే. విరమణ గుణపాఠం కాదు, లొంగుబాటు. అదే సమయంలో, జనం కదలకుండా నాలుగు తుపాకులు పోగుచేసి దొరను చంపితే విప్లవం రాదని చారు మజుందార్ అనుచరులతో వాదించడానికి కూడా ఆయన ఈ చరిత్రనే వాడుకున్నారు. ఒక చేత్తో కుడి వైపు వారిని, ఒక చేత్తో ఎడమ వైపు వారిని కొడుతూ నడిచే పుస్తకం ఇది.

దీని లోటు ఏమంటే, ఓటమి లెక్క ఇందులో తక్కువ. 1951 నాటికి ఎన్ని దళాలు మిగిలాయి, ఎన్ని ఊళ్ళు అన్నం పెట్టగల స్థితిలో వున్నాయి, ఎందరు అలసిపోయారు? విరమించకపోతే ఏమయ్యేదన్న ప్రశ్నకు చైనా జవాబుగా వస్తుంది గాని నల్లగొండ జవాబుగా రాదు.

ఇప్పుడు మూడింటినీ కలిపి చూద్దాము. ఈ ముగ్గురూ ఒకే కాలంలో ఒకే పార్టీలో పనిచేశారు, ఒకే పోరాటాన్ని నడిపారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కాని 1964 చీలికకూ 1967 చీలికకూ తరువాత కూర్చుని రాశారు. రచయిత నడుస్తున్న దారికి పాత పోరాటం సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. శాసనసభ దారి పట్టిన వారికి 1948లో ఆపవలసిన పోరాటం కనిపించింది. శాసనసభలోనూ బయటా నడవదలచిన వారికి 1951లో సరిగ్గా ఆపిన పోరాటం కనిపించింది. అడవి దారి పట్టిన వారికి ఆపకూడని పోరాటం కనిపించింది.

"అయితే అందరూ తమకు అనుకూలంగా రాసుకున్నవారే, ఏదీ నమ్మనక్కరలేదు" అని చేతులు దులుపుకోవడం సులభం. మన గోష్ఠిలో కూడా ఒకరు అట్లా అన్నారు. మేము ఒప్పుకోము. 1948 సెప్టెంబరు తరువాత చనిపోయిన ఒక దళ సభ్యుడిని తలచుకోండి. రావి నారాయణరెడ్డిగారి మాట నిజమైతే అతడు నాయకుల పొరపాటుకు చనిపోయాడు. సుందరయ్యగారి మాట నిజమైతే ఊరివాళ్ళ భూమికి కాపలా కాస్తూ చనిపోయాడు. దేవులపల్లివారి మాట నిజమైతే అతని చావును తరువాత అమ్ముకున్నారు. ముగ్గురూ అతడిని అమరుడనే అంటారు. కాని అతని తల్లికి చెప్పవలసిన మాట ముగ్గురిదీ ఒకటి కాదు. అందుచేత ఈ తేడాలను నవ్వి వదిలేయడానికి వీలులేదు.

నేటికీ అది తేలలేదనడానికి సెప్టెంబరు 17 సాక్ష్యం. ఆ రోజును కొందరు విమోచనం అంటారు, కొందరు విలీనం అంటారు, కొందరు విద్రోహం అంటారు. ఒక తేదీకి మూడు పేర్లు. ఎనభయ్యేళ్ళు కావస్తున్నా ఏటేటా ఆ పేర్ల మీదనే సభలు, ఎదురు సభలు.

సాహిత్యంలో కూడా ఇదే పాయ పారింది. 1943లో తెనాలిలో పుట్టిన అభ్యుదయ రచయితల సంఘం ఒక తరాన్ని తయారుచేసింది. 1970లో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి జరుగుతుంటే, రచయితలారా మీరు ఎటువైపు అని విద్యార్థులు కరపత్రం వేసి అడిగారు. అదే ఏడు జూలై 4న, కొమురయ్య చనిపోయిన తేదీ నాడే, విప్లవ రచయితల సంఘం ఏర్పడింది, శ్రీశ్రీ దానికి అధ్యక్షుడయ్యాడు. పాత సంఘం, కొత్త సంఘం ఒకరినొకరు చదవడం మానుకున్న కాలం కూడా వచ్చింది. మన భాషకు ఆ నష్టం ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు.

మూడు పుస్తకాలనూ ఒకేసారి నిలదీసిన నాలుగవ పుస్తకం ఒకటుంది. అది ఆ రోజు బల్ల మీద లేదు. 1986లో హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన వారు తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర." పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటల్లో చెప్పుకున్న కథలు అవి. దళంతో అడవిలో తిరుగుతూ కన్న బిడ్డను పరాయి చేతుల్లో పెట్టవలసి వచ్చిన తల్లి కథ అందులో వుంది. పోరాటం ముగిసిన తరువాత మగవారు శాసనసభకు వెళ్ళారు, పార్టీ కార్యాలయాలకు వెళ్ళారు, తిరిగి అడవికి వెళ్ళారు. ఆడవారిలో చాలామంది వంటింటికి వెళ్ళారు. ఆ వెళ్ళడం ఏ పంథా ప్రకారం జరిగిందో మూడు పుస్తకాలలోనూ లేదు. కొండపల్లి కోటేశ్వరమ్మగారు 2012లో తన "నిర్జన వారధి" ప్రచురించారు. ఆమె భర్త కొండపల్లి సీతారామయ్య 1980లో పీపుల్స్‌వార్ స్థాపకుడు. చీలికలన్నీ ఆమె ఇంటి గడప మీదుగానే నడిచాయి. పంథాల మధ్య తేడా చెప్పే పుస్తకాలు అనేకం వుండవచ్చు, ఆ తేడాల ధర చెప్పే పుస్తకాలు ఈ రెండూ. మల్లు స్వరాజ్యంగారి వంటి వారు కూడా తమ కథ తామే చెప్పుకున్న తరువాత, మూడు పుస్తకాలను మాత్రమే చదివి తెలంగాణా పోరాటం తెలుసుననడానికి వీలులేదు. ఈ మాట రాస్తూ మేము సిగ్గుపడవలసిన సంగతి ఒకటుంది. ఆనాటి మన గోష్ఠిలో కూడా మగవారం హాలులో కూర్చుని వర్గాల గురించి వాదించుకున్నాము. ఆడవారు లోపలి గదిలో వున్నారు. టీలు మాత్రం వేళకు వచ్చాయి.

ఈ తేడాలకు బయటి నుంచి వచ్చిన బలం ఇప్పుడు లేదు. 1991లో సోవియట్ యూనియన్ లేకుండా పోయింది. చైనా 1978 తరువాత వేరే దారి పట్టింది. పీపుల్స్‌వార్ 2004లో మరో పార్టీతో కలిసి మావోయిస్టు పార్టీ అయింది. దాని ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లా వాసి నంబాల కేశవరావు 2025 మే నెలలో ఛత్తీస్‌గఢ్ అడవుల్లో హతుడయ్యారు. ఏ దారి మంచిదని మేము ఇక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. అడవి దారిలో చనిపోయిన గిరిజనుల లెక్క, కూటముల దారిలో కరిగిపోయిన ఓట్ల లెక్క, రెండూ ఎదురుగానే వున్నాయి.

మాకు తోచిన కొలత ఒకటే. పంచిన భూమి ఏమయింది? సిద్ధాంతాన్ని సిద్ధాంతంతో కొలిస్తే తగాదా తెగదు. ఎకరంతో కొలిచి చూడవచ్చు. అందుకని పోయిన వారం ఆ వ్యాను మిత్రుడికి ఫోను చేసి, మీ తాత మూడెకరాలు ఎట్లా పోయాయో మీ నాయన్ను అడిగి చెప్పమన్నాము. అతడు అడిగి చెప్పాడు.

సైన్యం వచ్చిన తరువాత దొర మనుషులు తిరిగి వచ్చి రెండెకరాలు లాక్కున్నారట. ఒక ఎకరం మాత్రం మిగిలింది. సంఘం వాళ్ళు రాత్రిపూట ఊళ్ళోకి వస్తున్నారన్న భయంతో దొర దాని జోలికి పోలేదట. తరువాత కౌలుదారీ చట్టం కింద దానికి కాగితం వచ్చింది. హైదరాబాదు కౌలుదారీ చట్టం 1950 నాటిదని మనకు తెలుసు. 1949లో జాగీర్లు రద్దు చేసినా, 1950లో ఈ చట్టం తెచ్చినా, 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వినోబాజీ భూదానం మొదలుపెట్టినా, అవన్నీ పోరాటం నడుస్తున్న కాలంలో జరిగినవే. తుపాకీ లేకుండా ఆ కాగితం వచ్చేదా? కాగితం లేకుండా తుపాకీ ఒక్కటే ఆ ఎకరాన్ని ఎన్నాళ్ళు నిలిపేది? చూశారా, ఆ రెండెకరాల దగ్గర దేవులపల్లివారి మాటకు బలం వుంది. ఆ ఒక్క ఎకరం దగ్గర సుందరయ్యగారి మాటకు బలం వుంది. చేతికి వచ్చిన కాగితం దగ్గర నారాయణరెడ్డిగారి మాటకు కూడా కొంత బలం వుంది. ఒక్క రైతు ఇంట్లోనే మూడు పుస్తకాలూ పాక్షికంగా నిజమయ్యాయి.

ఆ ఎకరం కూడా ఇప్పుడు లేదు. పదకొండేళ్ళ కిందట ఈ దేశానికి వీసా కోసం ఏజెంటుకు కట్టడానికి అమ్మేశారట.

ఈ అమ్మకం గురించి మూడు పుస్తకాలలోనూ ఏమీ లేదు, వుండడానికీ వీలులేదు. కాని వాటి వారసుల దగ్గరైనా వుండాలి కదా. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలాది కూలీలు, పేదరైతులు ఊరేగింపు తీశారు. ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ రెండు ప్రాంతాల నుంచే తరువాత వేలమంది గల్ఫుకు వచ్చారు. మన రియాదులో, దమ్మాములో, జుబేలులో పునాదులు తవ్వేదీ, తీగలు లాగేదీ వారు. ధనికరైతు, మధ్యరైతు, పేదరైతు, వ్యవసాయ కూలీ అన్న నాలుగు గళ్ళ పట్టికలో ఇతడిని ఎక్కడ వేస్తారు? ఊళ్ళో ఎకరం అమ్మిన రైతు, ఇక్కడ కాంట్రాక్టు కూలీ, ఇంటికి పంపిన డబ్బుతో రేపు మరొకరికి అప్పు ఇచ్చేవాడు కూడా కావచ్చు. పాత పట్టిక పట్టుకుని వాదించుకునే వారెవరూ ఇతని కోసం కొత్త గడి గీయలేదు. మూడు పంథాల వారూ కలిసి చేసిన తప్పు ఏదైనా వుంటే అది ఇదేనని మేము అనుకుంటున్నాము.

పట్టికలో మన గడి ఏదో కూడా అడుక్కోవాలి. మనం ఇంజనీర్లం, డాక్టర్లం, లెక్కల మనుషులం. సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు ఎకరం ఎంత పలుకుతున్నదని అడగని వారు మనలో తక్కువ.

ఇక ఆ మిత్రుడి ప్రశ్నకు జవాబు. మీ తాతది సంఘం. ఆ రోజుల్లో ఈ మూడూ లేవు, ఒక్కటే వుండేది. మీ తాత పోయిన తరువాత ఆయన భూమి గురించి మూడు రకాలుగా రాశారు. మూడూ చదవదగినవే, ఏ ఒక్కటీ మీ తాత కథ పూర్తిగా చెప్పలేదు. ఈ మాట అతనికి ఫోనులోనే చెప్పాము. కాసేపు ఊరుకుని, "గంతేనా సార్" అన్నాడు. అంతే అన్నాము. ఆ ఎకరం ఎవరు కొన్నారని మేమే అడిగాము. గల్ఫులో పెద్ద నౌకరీ చేసే సారే కొన్నాడట.

వచ్చే గోష్ఠికి నాలుగవ పుస్తకం బల్ల మీద వుంటుంది. ఆడవారు హాలులో కూర్చుంటారు, టీ సంగతి మగవారం చూసుకుంటాము. కుర్చీల మిత్రుడిని ఈసారి కూర్చోవడానికి కూడా పిలిచాము. ఆ రోజు ముఖాలు తిప్పుకుని వెళ్ళిన ముగ్గురు పెద్దలూ తప్పక రావలసిందిగా మనవి.